పెట్టె వెంట తిరిగిన మామయ్య, ఎన్టీఆర్ సినిమాలు, ఎన్నికలు

మా చిన్న మామయ్య విజయవాడ గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుకి రిప్రజెంటేటివ్‌గా పనిచేసేవాడు. ఆ ఉద్యోగం ఏమిటో ఇప్పటివాళ్లకి కాస్త చెప్పాలి. అప్పట్లో సినిమా రీళ్లు రేకుపెట్టెల్లో ఊరూరూ తిరిగేవి. పెట్టె వెంట కంపెనీ మనిషి ఒకడు వెళ్లేవాడు. ఆట ఆటకీ ఎన్ని టికెట్లు తెగాయో చూసుకోవడం, హాలువాళ్లు లెక్క తగ్గించి రాయకుండా కాపలా ఉండటం, రాత్రి సెకండ్ షో మొదలయ్యాక డీసీఆర్ రాయించి సంతకాలు పెట్టించుకోవడం అతని పని. డీసీఆర్ అంటే డైలీ కలెక్షన్ రిపోర్టు. నేల ఎన్ని, బెంచి ఎన్ని, కుర్చీ ఎన్ని, పన్ను పోగా నెట్ ఎంత, హాలు అద్దె పోగా షేరు ఎంత, అన్నీ అందులో ఉంటాయి. కార్బన్ పేపర్లు పెట్టి గట్టిగా నొక్కి రాసేవాళ్లు. మామయ్య కుడిచేతి చిటికెన వేలు పక్కన ఎప్పుడూ నీలం మరక ఉండేది.

తెనాలిలో పెట్టె దిగితే భోజనం మా ఇంట్లోనే. అమ్మ అన్నం వడ్డిస్తూ, "ఏరా తమ్ముడూ, ఎట్లా ఉంది బొమ్మ?" అని అడిగేది. మామయ్య సినిమా బాగుందనో బాగోలేదనో చెప్పేవాడు కాదు. "ఇంటర్వెల్లో సోడా బండి దగ్గర సినిమా గురించే మాట్లాడుకుంటున్నారక్కా" అంటే ఆడుతుందని. "వడ్ల ధర గురించి మాట్లాడుకుంటున్నారు" అంటే పెట్టె వచ్చే శుక్రవారం తిరుగుటపా అని. ఇంటర్వెల్లో ఆయన హాలు లోపల ఉండేవాడు కాదు. సైకిల్ స్టాండు, సోడా బండి, కిళ్లీ కొట్టు చుట్టూ తిరిగేవాడు. జనం మాటల్లో వానలు, కరెంటు కోత, ఎమ్మెల్యే, ముఖ్యమంత్రి అన్నీ వచ్చేవి. సినిమా డబ్బులకీ రాజకీయానికీ ఉన్న చుట్టరికం నాకు మొదట తెలిసింది ఆయన కబుర్ల వల్లే.

1977 సంగతి ఆయన చాలాసార్లు చెప్పేవాడు. ఎమర్జెన్సీ ఎత్తేసి ఎన్నికలు పెడితే ఉత్తరాదిలో కాంగ్రెస్ ఊడ్చిపెట్టుకుపోయింది. మన దగ్గర మాత్రం 42 లోక్‌సభ సీట్లలో 41 కాంగ్రెస్‌వే. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి గారొక్కరే జనతా నుంచి గెలిచారు. అంటే ఎమర్జెన్సీ మీద మనవాళ్లకి అంత కోపం లేదనే కదా లెక్క. అదే ఏడాది అక్టోబరులో 'యమగోల' వచ్చింది. డి.వి. నరసరాజు గారి రాత. నరకంలో యమభటులకు యూనియన్ పెట్టించి యముడి మీదే సమ్మె చేయించిన కథ. పాలించేవాడి మీద వేసిన జోకులకి జనం విరగబడి నవ్వారు. ఓటు మాత్రం మరుసటి ఏడాది మళ్లీ ఇందిరమ్మ పార్టీకే వేశారు. "ఓటు వేసినవాడికి నవ్వే హక్కు లేదా ఏంటి?" అనేవాడు మామయ్య. అప్పటికి నాకు అర్థం కాలేదు గానీ, ఆ తర్వాత చూసిన చాలా హిట్లకీ ఫ్లాపులకీ తాళం చెవి ఆ మాటలోనే దొరికింది.

ఆ 1978 నుంచి 1982 దాకా రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రులు మారారు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఎవరిని ఎప్పుడు దించుతారో ఢిల్లీకే ఎరుక. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్‌గాంధీ అంజయ్య గారిని అందరి ముందూ కసిరిన వార్త మా ఊరి టీ కొట్లలో ఎంత మంట పుట్టించిందో నాకు బాగా గుర్తు. అంజయ్య గారి అభిమానులు మా దగ్గర పెద్దగా లేరు. అయినా "మన ముఖ్యమంత్రిని అంత మాటంటాడా" అన్నారు. మార్చి 29న ఎన్టీఆర్ పార్టీ పెట్టారు.

ఇక ఆ ఏడాది ఎన్టీఆర్ సినిమాల వరస చూడండి. మే నెలలో 'జస్టిస్ చౌదరి', జులై 9న 'బొబ్బిలి పులి', అక్టోబరులో 'నా దేశం'. మధ్యలో చైతన్యరథం మీద ఊరూరా ప్రచారం. పగలు రోడ్డు మీద ఖాకీ బట్టల్లో మాట్లాడిన మనిషి సాయంత్రం తెర మీద కనిపించేవాడు. ఏది ప్రచారమో ఏది సినిమానో చెప్పడం కష్టంగా ఉండేది.

'బొబ్బిలి పులి' సెన్సార్ దగ్గర తిప్పలు పడి పడి బయటికొచ్చింది. ఆపేస్తారట, కోసేస్తారట అని పేపర్లో వచ్చిన ప్రతి వార్తా కంపెనీ పైసా ఖర్చు లేకుండా జరిగిన పబ్లిసిటీ. నేను అప్పుడు హైస్కూల్లో ఉన్నాను. మామయ్య పుణ్యమా అని మొదటి వారమే హాల్లోకి వెళ్లగలిగాను, సీటు మాత్రం లేదు. ఆపరేటర్ గది మెట్ల మీద కూర్చుని చూశాను. సైన్యంలో పనిచేసిన మేజరు, వ్యవస్థ చట్టంతో చేయలేని పనిని తానే చేసి బోనెక్కే కథ. ఆఖర్లో కోర్టు సీను. దాసరి గారు రాసిన ఆ మాటలు సగం వినపడలేదు. ముందు వాక్యానికి పడిన ఈలలు తర్వాతి వాక్యం మీద పడుతున్నాయి. నేల క్లాసులో ఒకాయన తువ్వాలు విప్పి గాల్లో తిప్పుతూ నిలబడిపోయాడు. వెనకవాళ్లు కూర్చోమని అరవలేదు, వాళ్లూ లేచారు. అప్పటికే ఎన్టీఆర్‌కి అరవై దగ్గరపడ్డాయి. పక్కన శ్రీదేవి. మామూలు రోజుల్లో అయితే ఎకసెక్కాలాడే కుర్రాళ్లు కూడా ఆ రోజు నోరు మెదపలేదు.

నేను సినిమా చూస్తుంటే మామయ్య జనాన్ని చూశాడు. ఇంటికొచ్చాక అమ్మతో, "అక్కా, వీళ్లు సినిమాకి రావట్లేదు, మీటింగుకి వస్తున్నారు. టికెట్టు కొనుక్కుని మరీ వస్తున్నారు" అన్నాడు. ఆయన ఎన్టీఆర్ అభిమాని కాదు, నాగేశ్వరరావు మనిషి. అందుకే నాకు ఆ మాట మీద నమ్మకం.

అదే ఏడాది డిసెంబరు 17న కృష్ణ గారి రెండు వందలవ సినిమా 'ఈనాడు' వచ్చింది. మలయాళం కథ. అవినీతి రాజకీయాల మీద గొంతెత్తిన సినిమా. ఎన్నికలు జనవరి 5న. అంటే మూడు వారాల ముందు. తర్వాతి కాలంలో కృష్ణ, ఎన్టీఆర్ రాజకీయంగా ఎదురెదురు నిలబడ్డారు గానీ, ఆ నెలలో మాత్రం మా ఊళ్లో ఎవరూ ఆ తేడా పట్టించుకోలేదు. ఎన్టీఆర్ ఫ్యాన్సు కూడా వెళ్లి చప్పట్లు కొట్టొచ్చారు. మంత్రులని తిట్టే సినిమా ఏదైనా సరే ఆ చలికాలంలో సొంత సినిమానే. సైకిల్ స్టాండువాడు ఒక్కడే తన స్టాండులో ఉన్నవన్నీ తెలుగుదేశం ఓట్లేనని చెప్పుకుని తిరిగేవాడు.

రాజకీయ గాలి సినిమాకి కలిసొస్తుందనడానికి రెండో గట్టి ఉదాహరణ 1984. ఆగస్టు 16న ఎన్టీఆర్‌ని గద్దె దించి నాదెండ్ల భాస్కరరావుని ఎక్కించారు. నెల రోజులు రాష్ట్రమంతా ఒకటే ఆందోళన. సరిగ్గా సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి. ఆ సంబరం చల్లారకముందే నవంబరు 29న 'శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర' విడుదల. సెన్సార్‌తో పేచీలు వచ్చి చాలాకాలం డబ్బాల్లో మగ్గిన సినిమా అది. అనుకున్నప్పుడే వచ్చి ఉంటే ఏ మేరకు ఆడేదో గానీ, ఆలస్యమే దానికి కలిసొచ్చింది. ముఖానికి రంగు పూసుకున్నవాళ్లు రాజ్యమేలతారని బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారనే మాట అప్పటికే ఊరూరా పాకి ఉంది. కొత్తగా కాలజ్ఞానం పుస్తకాలు కొన్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

మా పెదనాన్న పక్కా కాంగ్రెస్. గోడ మీద నెహ్రూ ఫొటో, ఇందిరాగాంధీ ఫొటో. అక్టోబరు 31న ఆవిడని చంపేశారని రేడియోలో విన్న రోజు ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు. అలాంటి మనిషి డిసెంబరులో పెద్దమ్మనీ నాయనమ్మనీ రిక్షాలో ఎక్కించుకుని బ్రహ్మంగారి సినిమాకి వెళ్లొచ్చాడు. "నేను చూసింది స్వామివారి చరిత్ర, ఆయన మొహం కాదు" అని సమర్థించుకున్నాడు. నాయనమ్మ హాల్లో చెప్పులు బయట విడిచి కూర్చుందట. ఆ నెలాఖర్లో లోక్‌సభ ఎన్నికలు. దేశమంతా సానుభూతితో కాంగ్రెస్‌కి నాలుగు వందల పైన సీట్లు కట్టబెడితే, ఇక్కడ తెలుగుదేశానికి 30 సీట్లు వచ్చాయి. పెదనాన్న ఓటు మాత్రం హస్తానికే పడి ఉంటుంది, సందేహం లేదు. ఓటు పెట్టె, టికెట్ కిటికీ రెండూ ఒక లెక్కలో నడవవనడానికి నాకు ఆయన చాలు.

అయితే కోపం ఎప్పుడూ ఒకరి మీదే ఉండదు కదా. గద్దె మీదున్నవాడు మారితే జనం కోపం కూడా చిరునామా మార్చుకుంటుంది. రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55కి తగ్గించినందుకు ఉద్యోగులు మండిపడ్డారు. కరణాలు, మునసబుల వ్యవస్థ రద్దయినప్పుడు ఆ కుటుంబాలు గుర్రుగా ఉన్నాయి. 1985లో టి. కృష్ణ గారి 'ప్రతిఘటన' వచ్చింది. రౌడీ నాయకుడు అవుతాడు, ఊరు నోరు మూసుకుంటుంది, చివరికి ఒక లెక్చరరమ్మ గొడ్డలి పడుతుంది. అందులో పార్టీ పేరు ఉండదు. పేరు లేదు కాబట్టే ప్రతి ఊరివాడూ తన ఊరి రౌడీ పేరు పెట్టుకుని చూశాడు. మా ఊళ్లో మ్యాట్నీకి ఆడవాళ్ల క్యూ మగవాళ్ల క్యూ కంటే పొడుగ్గా ఉండటం నేను కళ్లారా చూసింది ఆ సినిమాకే. పెద్ద హీరో ఎవరూ లేకుండా విజయశాంతి, కోట శ్రీనివాసరావు నిలబెట్టిన సినిమా అది.

అదే కోట గారిని నేరుగా ఎన్టీఆర్‌ని పోలిన వేషంలో పెట్టి 1987లో 'మండలాధీశుడు' తీశారు. ఆ సినిమా తర్వాత విజయవాడ రైల్వేస్టేషన్‌లో అభిమానులు తన మీద చెయ్యి చేసుకున్నారని ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఎన్టీఆర్ ఎదురుపడినప్పుడు మాత్రం నటన మెచ్చుకుని భుజం తట్టారట. ఆ తర్వాత 1989లో 'గండిపేట రహస్యం', కృష్ణ గారి 'సాహసమే నా ఊపిరి' లాంటివి వచ్చాయి. మా ఊళ్లో వీటికి మొదటి రెండు రోజులు తోపులాట ఉండేది. గొడవ జరుగుతుందేమో చూద్దామని వచ్చేవాళ్లే ఎక్కువ. మూడో రోజు నుంచి రిప్రజెంటేటివు ఈగలు తోలుకోవడమే. వీటి గురించి మామయ్య తీర్పు కటువుగా ఉండేది. "తిట్లు వినడానికి డబ్బులిచ్చి రావాలా, మునిసిపల్ పంపు దగ్గరికెళ్తే సరిపోతుంది" అనేవాడు.

'బొబ్బిలి పులి' మళ్లీ ఒకసారి ఆ రోజుల్లోనే రిపీట్ రన్‌కి వచ్చింది. నేను కాలేజీ ఫ్రెండ్సుతో వెళ్లాను. కోర్టు సీనులో మాటలన్నీ శుభ్రంగా వినపడ్డాయి. అదే హాలు, అవే డైలాగులు. అన్యాయం చేసేవాళ్లని నిలదీస్తుంటే వెనక నుంచి ఎవడో, "ఇప్పుడు నువ్వేగా గవర్నమెంటు!" అని అరిచాడు. హాలంతా నవ్వు. అరిచినవాడు కాంగ్రెస్‌వాడు కాదు, మా క్లాసులో ఎన్టీఆర్ బొమ్మ పర్సులో పెట్టుకు తిరిగే కుర్రాడు.

1988 డిసెంబరు 26న విజయవాడలో వంగవీటి రంగా గారి హత్య జరిగింది. ఊరు తగలబడింది, కర్ఫ్యూ పెట్టారు. గాంధీనగర్ ఆఫీసులు మూసేశారు. మామయ్య చాలా రోజులు మా ఇంట్లోనే ఉండిపోయాడు. ఎక్కడి పెట్టెలు అక్కడే ఆగిపోయాయి. ఆయన అంత దిగులుగా ఉండటం నేను మళ్లీ చూడలేదు. "జనం ఇళ్లలోంచి బయటికి రాకపోతే ఎన్టీవోడైనా ఒకటే, కొత్తవాడైనా ఒకటే" అన్నాడు. మరుసటి ఏడాది అక్టోబరులో 'శివ' వచ్చింది. బెజవాడ కాలేజీ రౌడీయిజం గాలి పీల్చిన కుర్రాడు తీసిన సినిమా అని తెలియడానికి మాకు పోస్టరు కూడా అక్కర్లేదు. సైకిల్ చైను లాగిన సీను గురించి అందరూ చెప్తారు. నాకు గుర్తున్నది శబ్దం. అప్పటిదాకా ఫైటులో దెబ్బ పడితే డిష్యుం అనేది. ఇందులో అడుగుల చప్పుడుకే గుండె దడ పుట్టింది. ఆ సినిమా మూలంగా నాబోటివాళ్ల రుచి ఒక్కసారిగా మారిపోయింది. ఆ తర్వాత పాతరకం ఫైటు చూస్తే నవ్వొచ్చేది. నెలన్నర తర్వాత జరిగిన ఎన్నికల్లో ఎన్టీఆర్ ఓడిపోయారు. కల్వకుర్తిలో స్వయంగా ఆయనే ఓడారు. రెండింటికీ ముడి పెట్టలేను గానీ, తెర మీదా బయటా ఒక తరం పక్కకి జరుగుతోందని మాత్రం తెలుస్తూనే ఉంది.

ప్రతిపక్షంలో కూర్చున్న ఎన్టీఆర్ మళ్లీ మేకప్ వేసుకున్నారు. 1991లో 'బ్రహ్మర్షి విశ్వామిత్ర'. సొంత దర్శకత్వం. అంతకు ముందైతే పౌరాణికంలో ఆయన పేరు చాలు. పైగా ఎన్నికల వేసవి. రాజకీయమే సినిమాని ఆడించేదైతే అది ఆడి తీరాలి. ఆడలేదు. మామయ్య ఆ పెట్టె వెంట వచ్చినప్పుడు సోడా బండి దగ్గర జనం 'గ్యాంగ్ లీడర్' పాటల గురించి మాట్లాడుకుంటున్నారు. చిరంజీవి స్టెప్పులు నేర్చుకున్న కాళ్లకి పద్యాలు ఎక్కలేదు. ఆ మే 21న రాజీవ్‌గాంధీ హత్య, ఆ వెంటనే దాడులు, హాళ్ల మూత. మరుసటి ఏడాది వచ్చిన 'సామ్రాట్ అశోక' కూడా అదే దారి పట్టింది.

ఎన్టీఆర్ పని అయిపోయిందని అందరూ అనుకుంటున్నప్పుడు 1993 వేసవిలో 'మేజర్ చంద్రకాంత్' వచ్చింది. మోహన్‌బాబు నిర్మాత, రాఘవేంద్రరావు దర్శకుడు, కీరవాణి పాటలు. ఎన్టీఆర్‌కి వయసుకి తగిన వేషం. డాన్సులూ డ్యూయెట్లూ మోహన్‌బాబుకి వదిలేసి ఆయన దేశం గురించి పాడారు, నిలదీశారు. అప్పటికి కాంగ్రెస్ పాలన మీద జనానికి మళ్లీ విసుగు మొదలైంది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాజేసిన సారా ఉద్యమం ఊరూరా అంటుకుని ఉంది. గాలి మారిందని మామయ్య డీసీఆర్ చూసి చెప్పేశాడు, ఎన్నికలకి ఏడాదిన్నర ముందే. 1994 డిసెంబరులో తెలుగుదేశానికి 216 సీట్లు, కాంగ్రెస్‌కి 26. ఇక్కడొక తిరకాసు ఉంది. అదే 1993 అక్టోబరులో ఎన్టీఆర్‌దే, బాపు గారి 'శ్రీనాథ కవిసార్వభౌముడు' కూడా వచ్చింది. గాలి అదే, మనిషి అదే, ఏడాది అదే. జనం రాలేదు. నాకు మాత్రం ఇష్టమైన సినిమా, ఖాళీ హాల్లో కాళ్లు చాపుకుని చూశాను. గాలి వాటం జనాన్ని హాలు గుమ్మం దాకా తెస్తుంది. లోపలికి రావాలా వద్దా అన్నది వాళ్ల రుచి.

ఆ తర్వాత నేను ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చేశాను. ఎర్ర సినిమాల కాలం ఇక్కడే చూశాను. ఆర్. నారాయణమూర్తి 'ఎర్రసైన్యం', దాసరి 'ఒసేయ్ రాములమ్మా'. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో గద్దరన్న పాటలు తెలిసినవాళ్లే కాదు, ఆఫీసు గుమాస్తాలు కూడా చప్పట్లు కొట్టారు. ఆ వెనకే ఫ్యాక్షన్ సినిమాలొచ్చి సుమోలు లేపాయి. ఆ ముచ్చట పెద్దది, ఇక్కడ వద్దు.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో సినిమా విడుదలంటే నిర్మాతకి జ్వరమే. 2010 సంక్రాంతికి 'అదుర్స్'కి ఇక్కడ అడ్డంకులు, 2012లో 'కెమెరామెన్ గంగతో రాంబాబు'కి గొడవై సీన్లు కోసుకోవాల్సి వచ్చింది. 2013 జులై 30న ఢిల్లీలో రాష్ట్ర విభజన నిర్ణయం వెలువడింది. ఈసారి మంట అటువైపు, సీమాంధ్రలో. ఆగస్టు మొదట్లో రావాల్సిన 'అత్తారింటికి దారేది' వాయిదా పడింది. సెప్టెంబరులో సగం సినిమా దొంగ సీడీలకెక్కింది. అమ్మ వాళ్ల వీధిలో ఒకటే బందులు, రాస్తారోకోలు, అయినా సగం సినిమా అప్పటికే ఫోన్లలో చూసేసినవాళ్లు కూడా 27న హాళ్ల ముందు నిలబడ్డారు. రెండు ప్రాంతాల్లోనూ రికార్డులు. రాష్ట్రం కోసం కొట్టుకుంటున్న జనం అత్తా అల్లుళ్ల కథకి పక్కపక్కన కూర్చుని ఏడ్చారు, నవ్వారు. నేను సుదర్శన్‌లో చూశాను. క్లైమాక్స్‌లో రైల్వేస్టేషన్ సీనుకి నా పక్కాయన ముక్కు చీదుకుంటున్నాడు, ఆయన చొక్కా జేబుకి జై తెలంగాణ బ్యాడ్జి ఉంది.

పార్టీ కోసం తీసిన సినిమాల మీద మామయ్యకి ఉన్న చిన్నచూపు 2019లో మళ్లీ నిజమైంది. ఎన్టీఆర్ జీవితం రెండు భాగాలుగా వచ్చింది, 'కథానాయకుడు' సంక్రాంతికి, 'మహానాయకుడు' ఫిబ్రవరిలో. రెండూ నిలబడలేదు. 2024 ఎన్నికల ముందు 'యాత్ర 2' కూడా అంతే, అప్పటికి ఆ సినిమా ఎవరి గురించో ఆ జగన్ పార్టీయే గద్దె మీద ఉన్నా. రోజూ టీవీలో ఉచితంగా దొరికే గొడవని మళ్లీ కొనుక్కోవడానికి ఎవరొస్తారు? 1982లో ఇంటింటా టీవీ లేదు. ఆ కోపానికి హాలు తప్ప వేరే చోటు లేదు.

మామయ్య ఇప్పుడు గుంటూరులో కొడుకు దగ్గర ఉంటున్నాడు. చెవులు కాస్త మందగించాయి. 2025లో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ సినిమాలు రెండొచ్చాయి. జులైలో 'హరిహర వీరమల్లు', సెప్టెంబరులో 'ఓజీ'. రెండింటికీ టికెట్ రేట్లు పెంచుకోవడానికి ప్రభుత్వం అనుమతిచ్చింది. మొదటిది నిలవలేదు, రెండోది దుమ్ము లేపింది. ఈ లెక్క ఎలా అర్థం చేసుకోవాలో అడుగుదామని ఫోన్ చేశాను. మనవడు 'ఓజీ'కి తీసుకెళ్లాడట.

"ఎట్లా ఉంది మామయ్యా?"

"సౌండు ఎక్కువ, కథ తక్కువ. కుర్రాళ్లు ఊగిపోతున్నారు. డబ్బులొస్తాయిలే."

"మరి వీరమల్లు ఎందుకు పోయిందంటావు?"

"చూసినవాడు పక్కవాడికి చెప్పలేదురా" అన్నాడు. ఆ వెంటనే, "ఇంతకీ మీ దగ్గర టికెట్ ఎంత తీసుకున్నారు?" అని అడిగాడు. చెప్తే, నేనే దగ్గరుండి ఆ డబ్బు వసూలు చేసినట్టు నన్ను తిట్టాడు.